తండేలు కత్తి

శ్రీకాకుళం తీరం నుంచి అండమాన్ వెళ్లి పోర్ట్ బ్లెయిర్‌లోని జంగ్లీఘాట్‌లో స్థిరపడిన ఒక తండేలుకు, అంటే పడవ పెద్దకు, ఇద్దరు భార్యలు, చెరొక కొడుకు. ఒకే ఇంట్లో రెండు పొయ్యిలు వెలిగాయి, రోజూ మాటా మాటా పెరిగింది. ఒక తెల్లవారుజామున తండేలు పెద్ద కొడుకునూ అతని తల్లినీ, ఒక సంచి బియ్యం, ఒక డబ్బా నీళ్లు ఇచ్చి, చాథమ్ రేవులో ఫెర్రీ ఎక్కించాడు. వాళ్లు అవతలి ఒడ్డున బంబూఫ్లాట్‌లో దిగారు. 1921 మలబారు తిరుగుబాటు తర్వాత ఖైదీలుగా అండమాన్ చేరిన మాప్పిళ్లల వారసుల్లో ఒకరు వాళ్లకు తలదాచుకోవడానికి చోటిచ్చారు. చిన్న కొడుకు జంగ్లీఘాట్‌లోనే పెరిగాడు. తండేలు మాత్రం వంతులవారీగా ఇద్దరినీ వేటకు తీసుకెళ్లేవాడు.

ఒక ఏడు పడవ నడిసముద్రంలో తుఫాను గాలికి చిక్కింది. ఆ రోజు వెంట ఉన్న కొడుకు వల లాగుతూ, కాళ్లకు వల చుట్టుకుని నీళ్లలో పడ్డాడు. చేపలతో బరువెక్కిన వల పడవను కిందికి లాగసాగింది. తాడు కోస్తే కొడుకు పోతాడు, కోయకపోతే కళాసీలందరూ పోతారు. తండేలు మొలలోని కత్తి తీసి తాడు మీద పెట్టాడు. అంతలో లేచిన కెరటం కుర్రవాణ్ణి పడవ అంచుకు విసిరింది. కళాసీలు అతని జబ్బ పట్టి పైకి లాగి, కాళ్ల చిక్కు విప్పారు. అప్పుడు తెగింది తాడు. వల ఒక్కటే సముద్రం పాలయింది. సావుకారు దగ్గర ఆ వల అప్పు తీరేసరికి ఏళ్లు పట్టింది.

తండేలు పోయాడు, తర్వాత కొడుకులూ పోయారు. మనవల నాటికి కథ రెండు కథలయింది. బంబూఫ్లాట్ ఇంట్లో ఆ కుర్రవాడు పెద్ద కొడుకు. తండ్రి కళ్లతో అడిగితే, కోసేయమని తలూపాడు. జంగ్లీఘాట్ ఇంట్లో చిన్న కొడుకు. తండ్రి కత్తి తీసిన సంగతే అతనికి తెలియదు. వల పోయిందన్న దగ్గర మాత్రం ఇద్దరిదీ ఒకటే మాట. ఒకసారి గంగమ్మ పండక్కి కలిసినవాళ్లు ఈ తగువుతో విస్తళ్ల ముందు నుంచి లేచిపోయారు.

ఆనాటి కళాసీల్లో ఒక ముసలివాడు ఇంకా బతికి ఉంటే, రెండు ఇళ్లవాళ్లూ ఆయన దగ్గరకే వెళ్లారు. ఆయన వల అల్లుకుంటూ అంతా విని, తండేలు పోయిన రోజు సంగతి చెప్పాడు. ఆ రోజు గాలికి ఫెర్రీ ఆగిపోతే పెద్ద కొడుకు చిన్న పడవ వేసుకుని వచ్చాడు. అన్న వచ్చేదాకా తమ్ముడు శవాన్ని లేవనివ్వలేదు. తడిసి ముద్దయిన అన్న భుజం మీద తన తువ్వాలు మడిచి పెట్టాడు. ఇద్దరూ పాడె ముందుకొమ్ములు పట్టారు.

అడిగింది ఒకటైతే చెప్పింది ఇంకొకటని మనవలు విసుక్కుంటూ ఇళ్లకు పోయారు.

నీతి: యూదులు చదివే ఆదికాండం 22వ అధ్యాయంలో కత్తి కింద ఉన్నది ఇస్సాకు, తండ్రి అబ్రాహాము తన ఉద్దేశం అతనికి చెప్పడు, ఖురాన్ 37వ సూరాలో తండ్రి తన కల చెప్పి కొడుకు అభిప్రాయం అడుగుతాడు, కానీ అక్కడ కొడుకు పేరు లేదు, అందువల్ల తబరీ వంటి పాత వ్యాఖ్యాత ఇస్‌హాక్ (ఇస్సాకు) అన్నా, ముస్లింలలో ఎక్కువమంది ఇస్మాయీల్ (ఇష్మాయేలు) అనే నమ్ముతారు. రెండు గ్రంథాల్లోనూ ఆ కొడుకు బతికాడు. ఆదికాండం 25వ అధ్యాయంలో అన్నదమ్ములు ఇస్సాకు, ఇష్మాయేలు కలిసి తండ్రి అబ్రాహామును మక్పేలా గుహలో పాతిపెట్టారు. బలి కథలో తమ వంతు వెతుక్కునేవాళ్లు ఆ సమాధి దాకా చదివితే, అవతలి ఇంటివాళ్లు కూడా ఆ తండ్రి బిడ్డలేనని ఒప్పుకోక తప్పదు.