యంత్రమూ, ఆజ్ఞా, బాధ్యతా

విద్యారంగంలో ఈమధ్య ఒక కొత్త మాట బాగా చెల్లుబడి అవుతున్నది. అది గణనాత్మక ఆలోచన. 2006లో జానెట్ వింగ్ అనే అమెరికన్ ఆచార్యురాలు ఒక చిన్న వ్యాసంలో, ఇది కంప్యూటరు శాస్త్రజ్ఞులకే గాక, చదవడం, రాయడం, లెక్కలు చెయ్యడం వలెనే అందరికీ అవసరమైన నేర్పు అని వాదించింది. మన 2020 జాతీయ విద్యావిధానం కూడా ఆరు నుంచి ఎనిమిది తరగతుల దశలోనే పిల్లలకు ప్రోగ్రాములు రాయడం పరిచయం చెయ్యాలన్నది.

దీని విషయంలో మన మిత్రులలో రెండు రకాల అభిప్రాయాలు వినవస్తున్నాయి. ఇదొక వృత్తి నైపుణ్యం, నేర్చినవాడికి ఉద్యోగం దొరుకుతుంది, ఇందులో నీతి అవినీతుల ప్రసక్తి లేదని కొందరంటారు. ఇది పెట్టుబడిదారుల చేతి పనిముట్టు, మనకు దీనితో నిమిత్తం లేదని మరికొందరు. ఈ రెండు వాదాలూ పరస్పర విరుద్ధంగా కనిపించినా రెండింటి కింద ఉన్న పొరపాటు ఒకటే. ప్రోగ్రామంటే మనిషికీ యంత్రానికీ మధ్య వ్యవహారమని ఇద్దరూ అనుకుంటున్నారు. నిజానికది ఆజ్ఞ రాసే మనుషులకూ, ఆ ఆజ్ఞ ఎవరి బతుకుమీద అమలవుతుందో ఆ మనుషులకూ మధ్య వ్యవహారం. అక్కడే నీతి ప్రశ్న ఉదయిస్తుంది.

ముందు ఆ ఆలోచన ఎట్లాంటిదో చూద్దాం. పెద్ద పనిని చిన్న పనులుగా విడగొట్టడం, వాటిలో పోలికలు గుర్తించడం, అక్కరలేని వివరాలను విడిచి అక్కరైనవి పట్టుకోవడం, తరువాత ఏ సందేహానికీ తావు లేకుండా మెట్టు మెట్టుగా ఆజ్ఞలు రాయడం - స్థూలంగా ఇంతే. ఆ ఆజ్ఞల కూర్పు కూడా మూడు విధాలే: ఒకదాని తరువాత ఒకటి చెయ్యడం, 'ఐతే ఇది, లేకపోతే అది' అని షరతు పెట్టడం, కావలసినన్ని సార్లు తిరిగి చెయ్యడం. ఎంత జటిలమైన గణన ఐనా ఈ మూడింటితో చెప్పవచ్చునని 1966లో బోమ్, జకోపీని అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు నిరూపించారు.

తెలుగు పాఠం చెప్పే నాకు ఇది పరాయి విద్యగా తోచలేదు. ఛందస్సు బోధించేటప్పుడు మనం చేసేది ఇదే గదా! అక్షరం దీర్ఘమైనా, దాని తరువాత సంయుక్తాక్షరం ఉన్నా, సున్నతోగాని విసర్గతోగాని కూడినా, పొల్లుతో ముగిసినా గురువు, లేకపోతే లఘువు. ఈ పరీక్షను పాదం చివరిదాకా ప్రతి అక్షరానికీ తిరిగి తిరిగి చేస్తాం. భ, ర, న, భ, భ, ర, వ వరసగా వచ్చి, పదో అక్షరానికి యతి కుదిరితే ఉత్పలమాల అంటాం. స్థానానికి రెండు వికల్పాలు గనక మూడు స్థానాలకు గణాలు ఎనిమిది. ఇరవై అక్షరాల పాదానికి 10,48,576 రూపాలు. వాటిలో ఉత్పలమాల ఒకటి. ఈ రూపాలన్నీ ఒక్కటీ జారకుండా వరసగా రాసే పద్ధతికి పింగళుని సంప్రదాయంలో ప్రస్తారమని పేరు. ఇంతమాత్రాన మన పూర్వులు కంప్యూటరు కనిపెట్టారని చంకలు గుద్దుకోనక్కరలేదు. అది చరిత్ర కాదు, ఆత్మవంచన. మనిషి బుద్ధి ఎక్కడైనా ఒకే రకంగా క్రమాన్ని వెతుక్కుంటుందన్నంతవరకే నా ఉద్దేశం.

ఐతే ఛందస్సునుంచి మనం నేర్వవలసిన పాఠం మరొకటుంది. సంయుక్తాక్షరానికి ముందున్న అక్షరం గురువన్నది సంస్కృతంనుంచి వచ్చిన సూత్రం. కాని తెలుగు మాట చివరి అక్షరం, తరువాతి మాట సంయుక్తంతో మొదలైనంత మాత్రాన గురువు కాదు. తెలుగువాడి నాలుక ఆ రెండు మాటలనూ విడిగానే పలుకుతుంది. లాక్షణికులు సూత్రాన్ని నాలుకకు ఒదిగేట్టు సవరించారుగాని, నాలుకను కోసి సూత్రానికి సరిచెయ్యలేదు. లక్ష్యం ముందు, లక్షణం తరువాత అన్న న్యాయమిదే. ఇంకొక సంగతి: గురువు కానిదల్లా లఘువవుతుంది. 'లేకపోతే' అన్న చోట అక్షరం పద్యంనుంచి వెలికాదు. దానికీ ఒక స్థానం ఉన్నది.

ఇప్పుడు బతుకులోకి వద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో 2015 ప్రాంతంనుంచి రేషను షాపుల్లో వేలిముద్ర చూసే యంత్రాలు పెట్టారు. ముద్ర సరిపోతే బియ్యం ఇవ్వు, సరిపోకపోతే? ఈ 'పోకపోతే' దగ్గరనే రాజ్యం స్వభావం బయటపడుతుంది. మా పెదపాడు, కొల్లేటి ప్రాంతాలలో నాట్లు వేసే చేతులు, వలలు లాగే చేతులు, చేపల పెట్టెల్లో ఐసు కొట్టే చేతులు ఉన్నాయి. పనిచేసి అరిగిన వేలు యంత్రానికి ఆనకపోవచ్చు. మనిషిని గుర్తించడానికి పెట్టిన సాధనం, ఎవడెక్కువ శ్రమ చేశాడో వాణ్ణే ముందు గుర్తించకపోవడం కేవలం సాంకేతిక లోపం కాదు. నునుపైన వేలున్నవాడిని మనసులో పెట్టుకొని రాసిన ఆజ్ఞ అది. తరువాత కనుపాప గుర్తింపు వంటి ప్రత్యామ్నాయాలు చేర్చవలసివచ్చింది. ఆ చేర్చినదాన్ని ముందే రాయలేకపోవడానికి కారణం తర్కం చాలకపోవడం కాదు, కూలివాడి చెయ్యి ఆలోచనలోకి రాకపోవడం. ఉపాధి హామీ పనులలో 2023 జనవరి 1 నుంచి ఫొటోలతో ఆన్‌లైన్ హాజరు తప్పనిసరి చేసినప్పుడూ ఈ ప్రశ్నే లేచింది: సిగ్నలు అందకపోతే చేసిన పని చెయ్యనట్టేనా?

అక్కరలేని వివరాలను విడిచిపెట్టడమన్నాం. ఏది అక్కరలేనిదో నిర్ణయించేదెవరు? యంత్రం లేకుండానే ఇందుకు కొల్లేరు సాక్ష్యం చెబుతుంది. 1999లో ప్రభుత్వం ఐదో కాంటూరు వరకు కొల్లేటిని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద దానికి అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది. 2005-06లో చేపల చెరువుల గట్లు కొట్టేశారు. సరస్సు బతకాలన్నదాంట్లో నాకు భిన్నాభిప్రాయం లేదు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే వరదను ఇముడ్చుకొని ఉప్పుటేరు గుండా సముద్రానికి పంపే ఆ పల్లాన్ని గట్లతో నింపితే ముందు మునిగేది పేదల ఇళ్లే. కాని 'ఐదో కాంటూరు లోపల చెరువుంటే కొట్టెయ్యి' అన్న సూత్రానికి, 1970లలో ప్రభుత్వమే సహకార సంఘాలుగా కూర్చి చెరువులిచ్చిన మత్స్యకారుడూ, తరువాత డబ్బు సంచితో వచ్చి వందల ఎకరాలు తవ్వించిన ఆసామీ ఒక్కటే. ఎత్తు కొలిచే సూత్రం అంతస్తు కొలవదు. ఆసామి మరొకచోట పెట్టుబడి పెట్టుకోగలడు. పల్లెకారు పోవడానికి మరొక సరస్సు లేదు. సమానులు కానివారిపట్ల సమానంగా అమలయ్యే ఆజ్ఞను నిష్పాక్షికమని పిలవడం పాలకవర్గానికి అనుకూలమైన అలవాటు.

యంత్రం తనంతట తాను ఏదీ ఆరంభించదని, మనం ఆజ్ఞాపించగలిగినదే చేస్తుందని 1843లోనే ఏడా లవ్‌లేస్ గ్రహించింది. నేడు ఉదాహరణలనుంచి తామే నేర్చుకునే యంత్రాలు వచ్చాయిగదా, వాటి విషయంలో ఆజ్ఞ రాసినవాడెవడు అని అడగవచ్చు. ఉదాహరణలు ఏరినవాడున్నాడు, ఏ ఫలితాన్ని మంచిదిగా లెక్కించాలో చెప్పినవాడున్నాడు, ఆ ఫలితంతో లాభం పొందేవాడున్నాడు. బాధ్యత అనేకమంది చేతుల్లోకి చీలింది, మాయం కాలేదు. "సిస్టం ఒప్పుకోవడం లేదు" అని కౌంటరు దగ్గర గుమాస్తా అన్నప్పుడు ఆ వాక్యంలో కర్త ఎగిరిపోయాడు. వ్యాకరణం తెలిసినవాళ్లం, ఆ కర్తను వెతకడం మన పని.

అందుచేత ఈ విద్యను బహిష్కరించాలనేవారితో నేను ఏకీభవించలేను. తెలియని ఆజ్ఞను ఎవరూ ప్రశ్నించలేరు. అప్పుల లెక్క చదవలేని రైతు షావుకారుకు ఎట్లా లొంగిపోయాడో, షరతు చదవలేని పౌరుడు తెరకు అట్లా లొంగిపోతాడు. పల్లెటూరి బడిపిల్లలకు దీన్ని నేర్పాలి, తెలుగులోనే నేర్పాలి. కాని వరసా, షరతూ, పునరావృత్తీ నేర్పి ఊరుకుంటే చాలదు. ప్రతి షరతు దగ్గరా మరో మూడు ప్రశ్నలు అడగడం అలవాటు చెయ్యాలి: ఈ గీత గీసినదెవరు? విడిచిపెట్టిన వివరం ఎవరి బతుకు? 'లేకపోతే' అన్నవైపు పడ్డ మనిషికి చెప్పుకునే చోటున్నదా? ఈ ప్రశ్నలు అడగనివ్వని పాఠం పిల్లవాణ్ణి మంచి ప్రోగ్రామరును చెయ్యవచ్చు. వాడు రాసేది మాత్రం మరొకడి ఆజ్ఞే అవుతుంది.