కట్టు విప్పేదెప్పుడు?

'మొక్కై వంగనిది మానై వంగునా' అన్న సామెతను నేను చాలామంది మీద ప్రయోగించాను. మా అబ్బాయి మీద మరీనూ. మా పెరటి జామచెట్టు పుణ్యమా అని ఇన్నేళ్లకు అది తిరిగి నామీదకే వచ్చింది.

ములుగులో మా ఇంటి వెనక ఉన్న ఆ జామచెట్టు ఏపుగా పెరిగేదే గాని కాపు ఉండేది కాదు. తెలిసినాయన ఒకరు కొమ్మలు వంచి కట్టమన్నారు. అందులో కిటుకేమిటంటే, నిటారుగా ఎదిగే కొమ్మ కొసన ఉన్న చిగురు కింది మొగ్గల్ని లేవనివ్వదు. అక్కడ పుట్టే ఆక్సిన్ అనే పదార్థంతో పెత్తనం చేస్తుంది. కొమ్మను నేలవైపు వంచితే ఆ పెత్తనం సడలి పక్క మొగ్గలు కళ్లు తెరుస్తాయి. జామ పూసేది కొత్త రెమ్మల మీదే కనక కాపూ వస్తుంది.

సరే, ఇనప తీగతో కొమ్మలు వంచి గూటాలకు కట్టాను. పూసింది, కాసింది. ఇరుగుపొరుగులకు పంచి గొప్పలు చెప్పుకున్నాను. తీగ సంగతి మాత్రం మరిచిపోయాను.

మరుసటేడు ఓ గాలివానకు ఒక కొమ్మ సరిగ్గా కట్టు దగ్గరే విరిగింది. తీగ బెరడును కోసుకుని లోపలికి దిగిపోయింది. పెరటి పనికొచ్చే పెద్దాయన తడిమి చూసి, "వంచుడు తప్పు గాదు సారూ, తీగ తీసుడే యాది మర్చిన్రు" అన్నాడు.

అసలు వంచడమే తప్పనేవాళ్లున్నారు. నేనొప్పుకోను. అడవిలో చెట్టయినా పక్క చెట్టు నీడ పడితే వెలుతురు కోసం ఒరుగుతుంది. పిల్లల్ని మనం వంచకపోతే వీధి వంచుతుంది. జపానువాళ్లు కుండీలో మరుగుజ్జు చెట్లు పెంచుతూ కొమ్మలకు రాగి తీగ చుడతారు. అది బెరడులో దిగకముందే తీసెయ్యడమూ ఆ విద్యలో భాగమే.

మాకు దగ్గర్లోనే పాలంపేటలో 1213లో కట్టిన రామప్ప గుడి ఉంది. చూరు కింద నల్లరాతి మదనికలు ఒయ్యారంగా ఒళ్లు వంచి నిలబడి ఉంటారు. శిల్పి పెట్టిన వంపు ఎనిమిది వందల ఏళ్లుగా అలాగే ఉంది. రాయి పెరగదు కనక సరిపోయింది. చెట్టు పెరుగుతుందే!

మావాణ్ణీ వంచాను. తెల్లవారుజామున లేపాను, ఆటలు మాన్పించాను, చదువూ నేనే ఎంచాను. కాపుకొచ్చాడు. హైదరాబాదులో ఉద్యోగం, ఇద్దరు పిల్లలు. నలభై దాటాయి. అయినా ఫ్రిజ్ కొనాలంటే ఫోను చేసి, "నాన్నా, కొననా?" అంటాడు. ఇన్నాళ్లూ అది గౌరవమనుకుని పదిమందికీ చెప్పుకుని మురిశాను. విరిగిన కొమ్మను చూశాక, అది గౌరవమో, తీగ దిగిన గాటో తేల్చుకోలేకుండా ఉన్నాను.

మొన్న మళ్లీ ఫోను చేశాడు, చిన్నవాణ్ణి ఏ బడిలో వెయ్యాలని. నోటిదాకా వచ్చిన బడి పేరు మింగేసి, "నీకేది మంచిదనిపిస్తే అది చెయ్యరా" అన్నాను.

అవతల చాలాసేపు మాట లేదు. తర్వాత మెల్లిగా అడిగాడు:

"నామీద ఏమన్నా కోపమొచ్చిందా నాన్నా?"