తొట్టిలో పాలు, మడిలో మునుం

పాలతొట్టి కథ తెలుగువాళ్లలో చాలామంది చిన్నప్పుడే విని ఉంటారు. ఇంటికో చెంబెడు పాలు తెచ్చి రాత్రివేళ తొట్టిలో పోయమంటాడు రాజు. ఇన్ని పాలలో తన చెంబెడు నీళ్లు ఎవరికి తెలుస్తాయిలే అనుకుంటారు ప్రతివాళ్లూ. తెల్లారేసరికి తొట్టి నిండా నీళ్లే. కథ విన్నవాళ్లు జనం బుద్ధిని తిట్టుకుంటారు. చీకట్లో పోయమన్న రాజును మాత్రం ఎవరూ ఏమీ అనరు.

ఆ చెంబెడు నీళ్ల లెక్క ఫ్రాన్సులో తేలింది. వ్యవసాయ ఇంజనీరు మాక్స్ రింగెల్‌మాన్ 1880లలో మనుషుల చేత తాడు లాగించి చూశాడు. ఆ లెక్కలు 1913లో అచ్చయ్యాయి. ఎనిమిదిమంది కలిసేసరికి ఒక్కొక్కరి శ్రమ దాదాపు సగానికి పడిపోయింది. అందరి లాగుడూ ఒకే లయలో పడకపోవడమే ముఖ్య కారణమని ఆయన అనుకున్నాడు. 1974లో అమెరికాలో అలన్ ఇంగమ్ బృందం ఇంకో పన్నాగం పన్నింది. లాగేవాడి కళ్లకు గంతలు కట్టి, వెనక మరికొందరు కూడా లాగుతున్నారని నమ్మించింది. నిజానికి లాగుతున్నది అతనొక్కడే. అయినా పట్టు సడలింది.

1981లో ఇంకో ప్రయోగంలో కొందరిని పోగేసి కేకలు వేయించారు. ఎవరి గొంతు ఎంతో విడివిడిగా తెలిసిపోతుందని చెప్పగానే, గుంపులో ఉన్నప్పుడు గొంతు తగ్గించే ఆ ఉదాసీనత పోయింది.

పాలకేంద్రంలో ఈ సంగతి రోజూ రెండుపూటలా కనిపిస్తుంది. ముల్కనూర్ మహిళా డెయిరీ లాంటి సహకార సంఘాల్లో పాలన్నీ చివరికి ఒకచోటే కలుస్తాయి. కలవకముందే ఎవరి పాలు వాళ్లవిగా కొలిచి, వెన్న శాతం చూసి రేటు కడతారు.

మరి కొలిస్తే చాలా? కొలత నీళ్లు కలపకుండా ఆపగలదు గానీ, పక్కవాళ్ల బరువు ఎత్తుకొమ్మని చెప్పలేదు. ఆ పని మమకారం చేస్తుంది. తోటివాడు సరిగా చేయలేడని తెలిసినా, పని తమకు ముఖ్యమనుకున్నవాళ్లు ఒంటరిగా చేసినప్పటికన్నా ఎక్కువ కష్టపడ్డారని 1991లో పరిశోధకులు కిప్లింగ్ విలియమ్స్, స్టీవెన్ కరావు గమనించారు.

తెలంగాణ పల్లెల్లో నాట్లప్పుడు ఒక్కొక్కరికి ఒక్కో మునుం, అంటే మడిలో వాళ్లు నాటుకుంటూ పోవాల్సిన పట్టీ. ఎవరు ఎంత నాటారో ఒడ్డు మీంచే కనిపిస్తుంది. వరుసంతా వెనక్కి జరిగిపోతుంటే, నడుం పట్టేసిన పెద్దామె ఒక్కతే మడి మధ్య మిగిలిపోతుంది. పక్కామె ఏమీ అనదు, చెయ్యి చాచి ఆమె మునుంలో కూడా రెండు వరసలు నాటేస్తుంది. గుత్తకు ఒప్పుకున్న పొలమైతే సాయంత్రం డబ్బులు అందరికీ సమానంగానే పంచుకుంటారు.