పాత బస్సు, కొత్త కొయ్య

మొన్న ఏడో తరగతి పిల్లల్ని ఏటికొప్పాక తీసుకెళ్ళాం. వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊళ్ళో అంకుడు కర్రతో బొమ్మలు చేస్తారని మీకు తెలుసు. తిరిగే కర్రకు లక్క అదిమి పట్టుకుంటే ఆ రాపిడి వేడికే కరిగి రంగు అంటుకుంటుంది. అక్కడ ఒక తాత, ఎవరో తెచ్చిచ్చిన పాత బొమ్మ బస్సుకి విరిగిన చక్రం తీసి కొత్తది బిగిస్తున్నాడు. మా పిల్లాడొకడు అడిగాడు: "తాతా, నాలుగు చక్రాలూ, పైకప్పూ మార్చేస్తే అది ఆ బస్సేనా?" తాత నవ్వి ఊరుకున్నాడు. నాకు మాత్రం ఆ ప్రశ్న వదల్లేదు.

హైదరాబాద్ బస్ భవన్‌లో నిజాం కాలంనాటి ఆల్బియన్ బస్సు ఒకటి ఉంది. 1932లో నిజాం రైల్వే 27 బస్సులతో సర్వీసు మొదలుపెట్టింది. ఆ రోజుల్లో చాలా బస్సులకు ఇంజను, ఛాసిస్ కంపెనీవి, పైన గూడు వడ్రంగి పని. రేకు కింద అంతా కొయ్య చట్రమే. ఇంగ్లండులో ఆష్ కర్ర, మన దగ్గర టేకు. కిటికీ కింద నీళ్ళు దిగినచోట, మేకు తుప్పు పట్టినచోట కొయ్య పుచ్చుతుంది. బాగుచేసేవాడు అంతా ఒకేసారి విప్పడు, విప్పితే గూడు వంగిపోతుంది. ఒక్కో కమ్మీ తీస్తాడు. పుచ్చిన ముక్కనే కొలతగా పెట్టుకుని కొత్తది చెక్కుతాడు. సగమే పుచ్చితే ఆ సగాన్నే ఏటవాలుగా కోసి అతుకు వేస్తాడు. మొత్తం పీకి కొత్త కొయ్య వేస్తే పని తేలిక, మెరుపూ ఎక్కువ. కాని గట్టి కొయ్యను కూడా పీకేస్తే అది బాగుచేయడం కాదని నా అభిప్రాయం. పాత పేరు పెట్టుకున్న కొత్త బస్సు అది.

గ్రీకులకూ ఈ తగువు ఉంది. థీసియస్ ఓడకు ఏథెన్సు వాళ్ళు పుచ్చిన పలకలు మారుస్తూ వచ్చారని, అది అదే ఓడా కాదా అని పండితులు వాదించుకున్నారని ప్లూటార్క్ రాశాడు. మా నాన్నకు ప్లూటార్క్ తెలియదు. నా చిన్నప్పుడు మా ఇంటి నిట్టాడు చెదలు తింటే కొత్తది నిలబెట్టాడు. పాతదాన్ని పొయ్యిలో పెట్టలేదు. పుచ్చు చెక్కేసి, మిగిలిన చేవతో గడప వేశాడు. మా ఇంటికి ఎవరూ కొత్త ఇల్లని పేరు పెట్టలేదు. ఏది మారిందో అందరికీ తెలుసు, ఎవరూ దాచలేదు.

ఇంతకీ ఇది బస్సు గొడవ మాత్రమే కాదు. ఏటా ఆగస్టు 9న మా బడిలో ధింసా వేయిస్తాం. నిరుడు తుడుము, మోరి వాయించేవాళ్ళను పిలవడం, వాళ్ళకు భోజనాలు చూడటం ఎందుకులే అని నేనే సౌండ్ బాక్సులో పాట పెట్టించాను. పిల్లలు చక్కగా ఆడారు, అధికారులు మెచ్చుకున్నారు. పిలవకపోయినా మా ఊరి మోరి మామ వచ్చాడు. వెనక బెంచీ మీద, మోరి ఒళ్ళో పెట్టుకుని, అయిపోయేదాకా కూర్చున్నాడు. పుచ్చిన కొయ్య అయితే మార్చాననుకోవచ్చు. ఆయన ఊపిరికి ఇంకా ఏ పుచ్చూ లేదు.

ఈసారి కబురు పెట్టాను. "ఆ డబ్బా ఉందిగా, నేనెందుకు?" అన్నాడట. ఆదివారం ఇంటికెళ్ళి అడగాలి. ఆ చక్రం ప్రశ్న వేసిన పిల్లాణ్ణి వెంట తీసుకెళ్తున్నాను.