పక్క కుర్చీలో మనిషి

తాగుడు మానాలని నిజంగా అనుకునే మనిషికి పెద్ద అడ్డంకి ఒంటరితనం. ఇంట్లోవాళ్లు ఏడుస్తారు, ఒట్టు వేయించుకుంటారు. కానీ చీకటి పడే వేళకు గొంతు ఎండిపోయి, చేతులు వణికితే ఎలా ఉంటుందో పడ్డవాడికే తెలుసు.

1935లో అమెరికాలోని ఆక్రన్‌లో బిల్ విల్సన్ అనే వ్యాపారి, బాబ్ స్మిత్ అనే డాక్టరు కలిశారు. ఇద్దరినీ తాగుడు పీల్చి పిప్పి చేసింది. ఒకరి గోడు ఒకరు వింటూ కూర్చుంటే ఆ పూట తాగకుండా గడుస్తుందని వాళ్లకు అర్థమైంది. అలా పుట్టిన ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశాలు మన హైదరాబాదులోనూ జరుగుతున్నాయి. ఫీజు లేదు. ఇంటిపేరు చెప్పనక్కర్లేదు. మొదటిరోజు నోరు విప్పకుండా వచ్చేసినా ఎవరూ ఏమీ అనరు. మానాలన్న కోరికే సభ్యత్వం. భార్యలకూ తల్లులకూ అల్-అనాన్ అని వేరే సమావేశాలున్నాయి. వాళ్ల బాధ వినేవాళ్లు కూడా ఉండాలి కదా!

ఒక్క జాగ్రత్త. ఏళ్ల తరబడి రోజూ బాగా తాగినవాళ్లు ఉన్నట్టుండి ఆపేస్తే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. అందుకే ముందు డాక్టరుకు చూపించుకోండి. ఎవరిని అడగాలో తెలియకపోతే 14446 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి, డబ్బులు పడవు. మీ ఇంట్లోనో వీధిలోనో ఎవరైనా సమావేశానికి వెళ్దామా వద్దా అని తటపటాయిస్తుంటే, మొదటిరోజు గుమ్మం దాకా మీరు తోడు వెళ్లండి.