సాలెగూటి ఆసరా

దివ్యఖుర్ఆన్ 29వ సూరాకు ‘అన్కబూత్’ అని పేరు. అంటే సాలెపురుగు. అల్లాహ్‌ను విడిచి వేరే ఆసరాలు వెతుక్కునేవారిని ఆ సూరా 41వ ఆయతు సాలెపురుగుతో పోల్చింది. దాని ఇంటికి మించిన బలహీనమైన ఇల్లు లేదన్నది.

గుంటూరు, ప్రకాశం నల్లరేగడి పల్లెల వారికి ఈ ఉపమానం కళ్ళెదుటే ఉంది. చలికాలంలో ఫజ్ర్ నమాజు ముగించుకొని చేలగట్ల మీద నడిస్తే, గడ్డిపై రుమాళ్ళు ఆరవేసినట్లు మంచుబిందువులతో తెల్లని గూళ్ళు కనిపిస్తాయి. ఇవి చక్రంలా నిలువుగా అల్లినవి కావు. సాలెపురుగు వీటిని చాపలా పరచి, ఒక చివర గొట్టంలా దారి ఉంచుకుంటుంది. ఆ గొట్టం మూతిలో పొంచి ఉండి, గూటిమీద పురుగు పడగానే పరుగున వచ్చి పట్టుకుంటుంది. ఎంత నేర్పు! సాలెపురుగు పోగు అంతే బరువున్న ఉక్కు తీగకన్నా గట్టిదట. గమనించండి, ఖుర్ఆన్ బలహీనమన్నది పోగును కాదు, ఇంటిని. అది ఎండను ఆపదు, వానను ఆపదు. గొడ్డు కాలు పడితే అంతే.

మరి మన ఆసరాల మాటేమిటి? 1980ల మధ్యలో ఇక్కడి పత్తిచేలపై తెల్లదోమ విరుచుకుపడింది. మందు మీద మందు కొట్టారు. పురుగును తినే సాలెపురుగులు చచ్చాయి, దోమ మాత్రం చావలేదు. 2021-22లో నల్ల తామరపురుగు మిరప తోటలను దెబ్బతీసింది. నమ్ముకున్న డబ్బా కాపాడలేదు, దాన్ని అరువిచ్చిన వ్యాపారీ కాపాడలేదు. (చేను మూల తాయెత్తు కట్టినవారి సంగతి సరేసరి.) మందు కొట్టవద్దని మేము అనడం లేదు. ఒంటెను కట్టి, ఆపైన అల్లాహ్‌పై భారం వేయమన్నదే మన ప్రవక్త (సల్లం) బోధన.

కాని అప్పుల్లో చిక్కిన కౌలురైతు ఆ డబ్బానే నోటికెత్తుకుంటున్నాడు. ప్రాణం అల్లాహ్ మనకిచ్చిన అమానత్, దాన్ని తీసుకునే హక్కు మనకు లేదు. అయితే ఈ మాట అతనికి చెప్పి చేతులు దులుపుకుంటే మన బాధ్యత తీరుతుందా? జకాత్‌కు అర్హులైన ఎనిమిది వర్గాలలో (తౌబా: 60) అప్పులపాలైనవారూ ఉన్నారు. ఇబ్బందుల్లో ఉన్న బాకీదారుకు గడువివ్వాలని, మాఫీ చేస్తే మరీ మేలని బఖరా సూరా 280వ ఆయతు చెబుతోంది. రమజాన్‌లో జకాత్ పంచేముందు, కల్లంలో కాయ ఆరకముందే పంటను అప్పుకింద రాసిచ్చినవాడు మన మహల్లాలో ఎవరున్నాడో విచారిద్దాం. నోరు తెరిచి అడగలేక, చివరి వరుసలో నిలబడి, సలాం తిప్పగానే లేచి వెళ్ళిపోయేవాడు అతడే కావచ్చు.