తాగనివాళ్ల ఖాతా

ఒక ఊళ్లో కిరాణా కొట్టు ఉండేది. ముందు గదిలో ఉప్పూ పప్పూ, వెనక గదిలో బెల్టు షాపు. కొట్టు యజమాని మాటల్లో దిట్ట. ఊళ్లో ఎవరైనా పోతే పేరూ వయసూ ఎర్రట్ట ఖాతా పుస్తకం ఆఖరి పేజీల్లో రాసుకునేవాడు, బాకీ ఎవరిని అడగాలో తెలియడానికి.

ఒకసారి ఆడవాళ్లంతా కలిసి మందు అమ్మడం ఆపమని కొట్టు మీదికి వెళ్లారు. అతను ఆ పుస్తకం చంకన పెట్టుకుని నేరుగా రచ్చబండ దగ్గరికి వచ్చాడు.

“మందు మనిషిని తినేస్తుందంటున్నారు. యాభై దాటిన మగవాళ్ల లెక్క చెబుతా, వినండి. పదేళ్ల కిందట తాగనివాళ్లు ఇరవై మంది. వాళ్లలో ఎనిమిది మంది పోయారు. రాత్రిపూట ఒక్క పెగ్గుతో ఆపేసేవాళ్లూ ఇరవై మందే. పోయింది మాత్రం నలుగురు. ఇప్పుడు చెప్పండి, ఆయుష్షు తీసేది మందా, మడి కట్టుకోవడమా?”

జనం మొహమొహాలు చూసుకున్నారు. పేర్లతో సహా రాసి ఉన్న లెక్క. కాదనేదెలా? సాయంత్రం నుంచి బెల్టు షాపు దగ్గర కొత్త మొహాలు కనిపించాయి. “ఒక్క పెగ్గే, ఒంటికి మంచిదట” అనేవాళ్లు ఎక్కువయ్యారు.

ఆ ఊరి ఆశా కార్యకర్తకు ఈ లెక్క మింగుడుపడలేదు. ఇంటింటికీ తిరిగే మనిషి. ఎవరు ఏ జబ్బుతో పోయారో ఆమెకు తెలుసు. మర్నాడు తన రిజిస్టరు తీసుకుని కొట్టుకు వెళ్లింది.

“బాబాయ్, ఆ పేజీ ఒకసారి తియ్యి. ఈ ఎనిమిది మందిలో పుట్టి బుద్ధెరిగాక చుక్క ముట్టనివాళ్లు ఎవరు?”

అతను వేలు పెట్టి చూసుకుంటూ వచ్చాడు. “ముగ్గురు.”

“మిగతా ఐదుగురూ?”

“మానేసినవాళ్లు. మానేస్తే తాగనివాళ్లే కదమ్మా.”

“ఎందుకు మానేశారు? ఒకాయనకు కడుపులో నీరు చేరింది. ఒకాయన రక్తం కక్కుకున్నాడు. ఇంకో ముగ్గురికి కాలేయం చెడిపోయిందని డాక్టరు చెప్పాడు. ఒళ్లు గుల్లయ్యాక మానేశారు, అప్పటికే ఆలస్యమైంది. ఆ ఐదుగురినీ ఆ వరస నుంచి తీసేసి చూడు. ఏనాడూ తాగనివాళ్లు పదిహేను మంది, పోయింది ముగ్గురు. అంటే ఐదుగురికి ఒకరు. నీ పెగ్గువాళ్లు ఇరవై మందిలో నలుగురు. అదీ ఐదుగురికి ఒకరే. పెగ్గు పెంచిన ఆయుష్షు ఏదీ?”

అతను మాట్లాడలేదు.

“పోనీ ఆ పెగ్గువాళ్లెవరు? పింఛను వచ్చేవాళ్లు, పొద్దున్నే నడకకు వెళ్లేవాళ్లు, ఏడాదికోసారి పట్నం వెళ్లి పరీక్షలు చేయించుకునేవాళ్లు. అవన్నీ ఉండి కూడా తాగనివాళ్ల కంటే ఒక్క మెట్టు పైన లేరు. ఇక తాగి బండి నడిపి ముప్పై ఏళ్లకే పోయిన కుర్రాడు ఏ పేజీలో ఉన్నాడు? యాభై దాటనే లేదు గనక నీ లెక్కలోకే రాలేదు.”

ఆమె పుస్తకం ముందు పేజీలు తిప్పి ఒక పేరు చూపించింది. అది అతని సొంత అన్నది.

“పెదనాన్న మందు మానేసిన నాలుగో నెలలో పోయాడు. మొదటి పెగ్గు నుంచి ఆఖరి క్వార్టరు దాకా అప్పు ఆయన పేరు మీదే ఉంది. చావు మాత్రం తాగనివాళ్ల ఖాతాలో రాశావు, బాబాయ్.”

ఆ సాయంత్రమే అతను మళ్లీ రచ్చబండ దగ్గరికి వచ్చి, తప్పు లెక్క చెప్పానని అందరి ముందూ ఒప్పుకున్నాడు. వెనక గదికి తాళం వేశాడు.

నీతి: జబ్బు చేసి మానేసినవాడిని తాగనివాడిగా లెక్కగడితే విషం కూడా ఔషధంలా కనిపిస్తుంది.

ఇది కథలోని కొట్టు యజమాని ఒక్కడి పొరపాటు కాదు. కొద్దిగా తాగేవాళ్లే ఎక్కువ కాలం బతుకుతారని చెప్పిన అధ్యయనాలు చాలావాటిలో ఇదే లోపం ఉంది. బ్రిటన్‌లో షేపర్ అనే పరిశోధకుడి బృందం 1988లోనే ఈ సంగతి ఎత్తిచూపింది. 48 లక్షల మందికి పైగా ఉన్న 107 అధ్యయనాలను 2023లో ఒకచోట చేర్చి, ఇలాంటి లోపాలను సరిచేసి చూస్తే, మితంగా తాగేవాళ్లకు దక్కుతుందన్న లాభం నిలబడలేదు. తాగడం పెరిగేకొద్దీ చావు ముప్పు మాత్రం పెరిగింది. మద్యం క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే తేల్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2019లో మద్యం వల్ల 26 లక్షల మంది చనిపోయారు.

కనుక ఆరోగ్యం కోసమని ఎవరూ మందు మొదలుపెట్టకూడదు. అలవాటున్నవాళ్లు ఒళ్లు చెడే దాకా ఆగకుండా ఇప్పుడే మానాలి. అయితే ఏళ్ల తరబడి ఎక్కువగా తాగినవాళ్లు ఒక్కసారిగా ఆపితే వణుకు, ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. వాళ్లను ఇంటివాళ్లు తిట్టకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. మానడానికి సరైన సమయం జబ్బు రాకముందే.